పైఅంతస్తు క్లాసులకు ఏసీలు పెట్టించే ముందు గాలి, వేడి, కరెంటు లెక్క ఒకసారి చూడండి

మేడం, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మిర్యాలగూడ పక్కన ప్రైవేటు హైస్కూల్, పైఅంతస్తులో 5 గదులు, గదికి 45 మంది దాకా పిల్లలు. లంచ్ తర్వాత పిల్లలు తలనొప్పి అంటున్నారు, నిద్రకు తూగుతున్నారు. రైస్ మిల్లుల నుసి వస్తోందని రోడ్డు వైపు కిటికీలు ఏడాది పొడవునా మూసే ఉంచుతున్నారు. పైగదులన్నిటికీ ఏసీలు పెట్టిస్తే ఎండ, నుసి, నిద్ర మూడు సమస్యలూ ఒకేసారి తీరతాయని మేనేజ్‌మెంటు అంటోంది, బిల్లు ఎంతకు పోతుందోనని మీకు టెన్షన్. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బిల్డింగుల కరెంటు వాడకం, గాలి, వేడి చూసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, అందులో బడులే ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఏసీ పెడితే గది చల్లబడుతుంది, అందులో అనుమానం లేదు. తలనొప్పి, నిద్రమత్తు మాత్రం తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు మేడం. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. గోడ అవతల బిగించే యూనిట్ గదిలోని వేడిని బయటికి పారేస్తుంది, మధ్యలో ఉన్న రాగి పైపుల్లో తిరిగేది గ్యాసే, గాలి కాదు. ఈ సంగతి తెలియక చాలామంది ఏసీ గదిలో గాలి శుభ్రంగా ఉంటుందనుకుంటారు. సీలింగ్ ఫ్యాన్ కూడా ఉన్న గాలిని తిప్పుతుందే తప్ప కొత్త గాలిని తీసుకురాదు. ఇప్పుడు మీ గదుల్లో సగం కిటికీలు మూసి ఉన్నాయి, ఏసీ పెట్టాక మిగతా సగం, తలుపుతో సహా మూస్తారు.

మూస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. హైస్కూల్ వయసు పిల్లవాడు కూర్చుని చదువుకుంటుంటే గంటకు దాదాపు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 45 మంది పిల్లలు, టీచరు కలిసి గంటకు సుమారు 700 లీటర్లు. మీ గది 20 అడుగులు బై 24, ఎత్తు 11 అడుగులు అనుకుంటే అందులో పట్టే గాలి లక్షన్నర లీటర్లు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు ఉంటుంది. అన్నీ మూసిన గదిలో తలుపు సందుల్లోంచి వచ్చే కొద్దిపాటి గాలిని కలుపుకున్నా, ఒక్క 45 నిమిషాల పీరియడ్ అయ్యేసరికి అది 2,500 దాటి 3,000 దగ్గరికి వెళ్తుంది. తలుపు తీయకుండా వరసగా రెండు పీరియడ్లు నడిస్తే ఇంకా పైకే పోతుంది. క్లాసు గదిలో 1,000 దగ్గర ఉంటే మంచిదని, సహజంగా గాలి ఆడే గదుల్లో రోజు సగటు 1,500 దాటకూడదని చాలాచోట్ల పెట్టుకున్న హద్దు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో దీని మీద భయపెట్టే మెసేజీలు చాలా తిరుగుతున్నాయి. 3,000 పీపీఎం విషం కాదు. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి పెట్టిన పరిమితే 5,000. మనం ఆ అంకె చూసేది గదిలో గాలి ఎంత పాతబడిందో తెలుసుకోవడానికి. మనం వదిలే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం, అంటే 40,000 పీపీఎం. గదిలో 2,400 చూపిస్తోందంటే బయటికన్నా 2,000 ఎక్కువ, అంటే ఆ పిల్లవాడు పీల్చే గాలిలో ఇరవయ్యో వంతు పక్కవాళ్లు అప్పటికే పీల్చి వదిలినది. దగ్గులు, జలుబులు, చికెన్‌పాక్స్, టీబీ లాంటివి ఒక క్లాసులో ఒకరి నుంచి ఒకరికి ఎందుకంత తేలిగ్గా అంటుకుంటాయో దీన్ని బట్టే అర్థమవుతుంది. తలనొప్పికి వేడి, నీళ్లు తక్కువ తాగడం, కడుపునిండా తిన్న అన్నం కూడా కారణాలే, నెపమంతా గాలి మీదకి నెట్టను. కానీ మధ్యాహ్నం పూట ఈ నాలుగూ కలిసి వస్తాయి, వాటిలో గాలి మన చేతిలో ఉన్నది.

ముందు కొలవండి. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) ఉన్న మీటర్ ఒక్కటి కొంటే బడి మొత్తానికి సరిపోతుంది. బాగా చవకగా దొరికే కొన్నిటిలో ఆ సెన్సరే ఉండదు, ఇంకేదో వాసనను పట్టుకుని అంచనా అంకె చూపిస్తాయి, నోటితో గాలి ఊదినా, శానిటైజర్ దగ్గర పెట్టినా ఒకేలా ఎగురుతుంది, అలాంటివి వద్దు. కొత్త మీటర్‌ని బయట చెట్టు కింద అరగంట ఉంచితే 420కి దగ్గరగా చూపాలి. గదిలో డెస్కు ఎత్తులో, కిటికీకీ పిల్లల ముఖాలకీ దూరంగా పెట్టి మొదటి పీరియడ్ నుంచి చివరి పీరియడ్ దాకా అరగంటకోసారి రాయించండి. తొమ్మిదో తరగతి పిల్లలకే ఈ పని ఇవ్వండి, సైన్స్ ప్రాజెక్టు కింద వాళ్లు మనకన్నా శ్రద్ధగా చేస్తారు. మీటర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. రెండో పీరియడ్ మధ్యలో బయటి నుంచి నేరుగా గదిలోకి వెళ్లి మొదటి శ్వాసలో వాసన గమనించండి, లోపలే ఉన్న టీచరుకి అది తెలియదు, ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. ఒక అగరబత్తి వెలిగించి ప్రతి కిటికీ దగ్గరా, తలుపు దగ్గరా పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది, ఏ కిటికీ గాలిని తెస్తోందో, ఏది పంపిస్తోందో, ఏది ఉత్తినే ఉందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

నుసి భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్గొండ కూడా ఉంది. మన దేశంలో సన్న ధూళి, అంటే పీఎం 2.5కి రోజు సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. మీ దగ్గర బాయిలర్లలో ఊక కాల్చే మిల్లులు, బూడిద, లారీలు, కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెట్టే పొగ, ఇవన్నీ ఉన్నాయి. అయితే ఈ దుమ్ము రోజంతా ఒకే తీరుగా ఉండదు. చలికాలం పొద్దున మంచుతో పాటు పొగ కిందికి దిగి ఉంటుంది, ఎండ ఎక్కాక పైకి లేచిపోతుంది. లారీల రద్దీకి ఒక వేళ ఉంటుంది. గాలి మిల్లు వైపు నుంచి వీచే నెలలు వేరు, మీ వైపు నుంచి మిల్లు వైపు వీచే నెలలు వేరు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే కదా. అందుకని ఏడాది పొడవునా మూసేయడం కన్నా వేళను బట్టి, దిక్కును బట్టి మూయడం మేలు. రోడ్డు వైపు కింది రెక్కలు మూసి, వరండా వైపువన్నీ తీసి, పైన వెంటిలేటర్లు రెండు వైపులా తెరిచి ఉంచితే చాలా రోజులు గడిచిపోతాయి.

అసలు క్లాసులో దుమ్ము అంతా మిల్లుదే అనుకోవద్దు. నేను చూసిన చాలా బడుల్లో పొద్దున ప్రార్థనకు ముందు పిల్లలు వచ్చి కూర్చుంటుండగానే ఆయమ్మ పొడి చీపురుతో ఊడుస్తుంది, లేచిన సన్న దుమ్ము మొదటి పీరియడ్ అంతా గాల్లోనే ఉంటుంది. ఊడ్చే పని సాయంత్రం బడి వదిలాక పెట్టండి, పొద్దున తడిగుడ్డ చాలు. డస్టర్‌ని గోడకేసి కొట్టడం మానిపించి, తడి స్పాంజితో బోర్డు తుడిపించండి. ఫ్యాన్ రెక్కల మీది మసి నెలకోసారి తుడవాలి. జనరేటర్ పొగ గొట్టం ఏ కిటికీ కింద ఉందో చూడండి, బడి వదిలే వేళ బస్సులు ఇంజన్ ఆపకుండా గేటు దగ్గర నిలబెడుతున్నారేమో చూడండి, ఈ రెండూ మీ చేతిలో పనులు, రూపాయి ఖర్చు లేదు. ఇది చదివే సర్కారు బడి టీచర్లకూ ఒక మాట: మధ్యాహ్న భోజనం కట్టెల పొయ్యి మీద వండుతుంటే ఆ షెడ్డు గాలివాటున క్లాసులకు ఎదురుగా ఉంటే ఇంక మిల్లు అక్కర్లేదు. గ్యాసుకి మార్చడం కుదరకపోతే కనీసం షెడ్డును ఇంకో మూలకు జరిపించండి, వంట చేసే అక్కల ఊపిరితిత్తులకూ అది మేలు.

ఇప్పుడు వేడి. మీ సమస్యలో పెద్ద భాగం ఇదే, మేనేజ్‌మెంటు ఏసీ అంటున్నదీ దీనివల్లే. పైఅంతస్తు గదికి శత్రువు స్లాబ్. నల్గొండ ఎండకు మే నెల మధ్యాహ్నం బోసి కాంక్రీటు డాబా 60 డిగ్రీలు దాటుతుంది, చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ వేడి మెల్లగా కిందికి దిగి సాయంత్రానికి, రాత్రికి సీలింగ్ నుంచి కొడుతూనే ఉంటుంది, మర్నాడు పొద్దున బడి తెరిచేసరికి గది ఇంకా పూర్తిగా చల్లారి ఉండదు. సీలింగ్ ఫ్యాన్ ఆ స్లాబ్ కింద ఉన్న వేడి గాలినే పిల్లల తలల మీదికి తోస్తుంది. మన చర్మం దాదాపు 35 డిగ్రీలుంటుంది, గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకే ఫ్యాన్ హాయిగా ఉంటుంది, 40కి పోయాక చెమట ఆరడం తప్ప దానివల్ల లాభం లేదు.

కాబట్టి మొదటి ఖర్చు డాబా మీద పెట్టించండి. ముందు పగుళ్లు, నీళ్లు నిలిచే చోట్లు బాగుచేయించి, ఆ తర్వాత తెల్లటి కూల్ రూఫ్ పూత. డబ్బు తక్కువైతే మన పాత పద్ధతే, సున్నంలో జిగురుకు ఫెవికాల్ లాంటిది కలిపి రెండు పూతలు. సున్నం ఒక వానాకాలానికి చాలావరకు పోతుంది, ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేయించుకోవాలి. మంచి కంపెనీ పూత అయితే కొన్నేళ్లు ఉంటుంది, కానీ దుమ్ము పట్టి నల్లబడితే దాని పని తగ్గుతుంది, మీ దగ్గర ఊక బూడిద పడుతుంది కాబట్టి ఎండాకాలం మొదట్లో ఒకసారి కడిగించాలి. తెల్ల టైల్స్ ముక్కలు పరిచే పద్ధతి ఖర్చు ఎక్కువైనా చాలాకాలం నిలుస్తుంది. పూత వేశాక గదిలో వేడి రెండు మూడు డిగ్రీల నుంచి అయిదు దాకా తగ్గడం మామూలు, స్లాబ్ మందాన్ని బట్టి, గాలి ఆడేదాన్ని బట్టి మారుతుంది. మామూలు సైజు డాబాకి సున్నం పని ఒక ఏసీ ఖరీదులోపే అయిపోతుంది. దేశంలో కూల్ రూఫ్‌లకు ప్రత్యేకంగా పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం మన తెలంగాణే, 2023 ఏప్రిల్‌లో వచ్చింది, అయిదేళ్లలో రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు తెల్లబడాలని అందులో లక్ష్యం. మీ మేనేజ్‌మెంటుకి ఈ మాట చెప్పండి, ఇదేదో నా సొంత ఆలోచన అనుకోకుండా ఉంటారు.

పడమటి గోడ కూడా చూడండి. మధ్యాహ్నం మూడింటికి పిల్లలు చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే అటు కిటికీలకు సజ్జ ఒక్కటీ చాలదు, సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి నిలువుగా అడ్డు కావాలి, వెదురు తడకలైనా సరే, గ్రీన్ షేడ్ నెట్ అయినా సరే, గోడకి అడుగు దూరంలో కడితే గాలి ఆడుతుంది. కానుగ, వేప నాటితే కొన్నేళ్లకు కింది అంతస్తుకైనా నీడ వస్తుంది.

రాత్రి పూట పై వెంటిలేటర్లు తెరిచి ఉంచితే స్లాబ్ వేడి కొంత బయటికి పోతుంది, మెష్ బిగిస్తే పావురాల గొడవ, పాముల భయం ఉండదు. ఈ వెంటిలేటర్ల విషయం నాకు చాలా బాధ కలిగిస్తుంది మేడం. పాత సర్కారు బడుల్లో, పెంకుటిల్లు బడుల్లో కూడా కిటికీ పైన వెంటిలేటర్ తప్పకుండా ఉండేది. ఇప్పుడు అపార్టుమెంట్ ప్లాన్లు చూసి కట్టే బడుల్లో అవి తీసేశారు, ఉన్నచోట అద్దం బిగించి అట్ట అంటించేశారు, ప్రొజెక్టర్ వెలుగు కనపడటం లేదని ఒక కారణం చెప్తారు. వేడి గాలి పైకే పోతుంది, పోవడానికి దారి లేకపోతే అక్కడే గూడు కడుతుంది. మీ గదుల్లో ఉన్నవాటి అట్టలు ముందు పీకించండి.

ఎంత తెరిస్తే చాలు అని అడిగారు. మీ గదికి 1,500 పీపీఎం దగ్గర నిలవాలంటే గంటకు సుమారు 650 ఘనపు మీటర్ల కొత్త గాలి కావాలి, 1,000 దగ్గర నిలవాలంటే 1,200. వినడానికి పెద్ద అంకెలుగా ఉన్నా, ఎదురెదురు గోడల్లో ఒక్కో చదరపు మీటరు తెరిచి ఉంటే చెట్టు ఆకు కొద్దిగా కదిలేంత గాలికే గంటకు 900 దాకా వస్తుంది. ఎదురెదురు అన్నది ముఖ్యం. ఒకే గోడకు నాలుగు కిటికీలు తెరిచినా అందులో సగం ఫలితం కూడా రాదు. గాలి అసలు ఆడని రోజులకి, లేదా నుసి వల్ల ఒక వైపు తప్పనిసరిగా మూయాల్సిన రోజులకి, వరండా వైపు గోడ పైభాగంలో 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టించండి. దాని డబ్బా మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో రాసి ఉంటుంది, అందులో సగానికే లెక్క కట్టుకోండి, మెష్, షట్టర్ అడ్డుపడతాయి. వాడే కరెంటు ఒక ట్యూబ్‌లైటు, పాత చోకు కలిపినంత. అయితే ఎగ్జాస్ట్ లాగిన గాలికి బదులు వేరే కిటికీలోంచి గాలి రావాలి, ఆ కిటికీ శుభ్రమైన వైపున ఉండేలా చూడండి, లేకపోతే టాయిలెట్ వైపు నుంచి లాగుతుంది.

ఇక కరెంటు. మామూలు పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర. చోకుతో ఉన్న పాత ట్యూబ్‌లైటు 40 పైనే, ఎల్‌ఈడీ 20. గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు మారిస్తే 460 వాట్ల దగ్గర ఉన్నది 200కి వస్తుంది. రోజుకు 6 గంటలు, ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే గదికి 340 యూనిట్లు మిగులు, పది గదులకు 3,400, యూనిట్ 8 రూపాయలు పెట్టుకుంటే 27,000 పైన. ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, కాలిపోయినదాన్ని రీవైండింగ్‌కి పంపకుండా దాని చోట కొత్తది పెట్టుకుంటూ పోండి. కొనేటప్పుడు గోడ రెగ్యులేటర్‌తో పనిచేసే మోడలే తీసుకోండి, రిమోట్ ఉన్నది తీసుకుంటే క్లాసులో ఆ రిమోట్ వారం నిలవదు, పాత రెగ్యులేటర్‌కి మామూలు బీఎల్‌డీసీ ఫ్యాన్ కలిపితే సరిగా తిరగదు. మనవైపు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇవి వేగం తగ్గకుండా తిరగడం ఇంకో లాభం.

ఏసీల లెక్క కూడా పక్కన పెట్టి చూడండి. 45 మంది పిల్లలే ఒక్కొక్కరు 80 వాట్ల వేడి వదులుతారు, వాళ్ల ఒంటి వేడిని తీయడానికే ఒక టన్ను ఏసీ సరిపోతుంది, స్లాబ్, గోడల సంగతి ఆ తర్వాత. అందుకని గదికి రెండు ఒకటిన్నర టన్నువి కావాలి. 5 గదులకు 10 ఏసీలు, ఒక్కోటి గంటకు 1.2 యూనిట్లు లెక్కన రోజుకు 72, నెలకు 24 రోజులంటే 1,700 యూనిట్ల పైన, దాదాపు 14,000 రూపాయలు. ఇది ఏసీలది మాత్రమే, శాంక్షన్డ్ లోడ్ (కరెంటు ఆఫీసు మీ బడికి మంజూరు చేసిన వాడకం హద్దు) పెంచుకోవడానికి కట్టే ఛార్జీలు, కొత్త వైరింగు, సర్వీసింగు వేరు. పైగా అంత ఖర్చుపెట్టి గాలి కోసం కిటికీ తీస్తే 40 డిగ్రీల బయటి గాలిని చల్లబరచడానికి ఇంకో టన్నున్నర పని పెరుగుతుంది, అందుకే ఎవరూ తీయరు, అక్కడే పిల్లల గాలి ఆగిపోతుంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర సెలవులు, అంటే ఏసీ నిజంగా కావాల్సిన గంటలు ఏడాదిలో చాలా తక్కువ. అన్ని తక్కువ గంటల కోసం ఇంత పెట్టుబడి పెట్టవద్దనే నా సలహా.

కంప్యూటర్ ల్యాబ్‌కి తప్పనిసరైతే పెట్టుకోండి. 26 దగ్గర పెట్టి ఫ్యాన్ కూడా వేయండి, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. చిన్న ఎగ్జాస్ట్ ఒకటి సన్నగా తిరుగుతూ ఉండాలి, బ్యాచ్ మారినప్పుడల్లా పది నిమిషాలు తలుపు, కిటికీలు బార్లా తెరవాలి. ఎయిర్ ప్యూరిఫైయర్ అమ్మేవాళ్లు వస్తే అది దుమ్ము పడుతుంది కానీ పాత గాలిని మార్చదని గుర్తుపెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉన్నప్పుడు కిటికీ బయట బిగించిన ఎయిర్ కూలర్ ఏసీ కన్నా మేలు, ఎందుకంటే అది బయటి గాలినే లోపలికి తోస్తుంది, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, నీళ్లు వారానికి రెండుసార్లు మార్చాలి, లేకపోతే దోమలు. వానాకాలంలో అది పనిచేయదు, ఉక్క పెంచుతుంది.

మీరు చివర్లో కొత్త బ్లాకు ప్లాను ఇంకా గీయలేదన్నారు, ఆ ఒక్క మాటకు నాకు చాలా సంతోషమేసింది. గది పొడవు తూర్పు పడమరలుగా ఉండి కిటికీలు ఉత్తరం, దక్షిణం వైపు వచ్చేలా గీయించండి, రెండు గోడలకూ కిటికీలు, వాటిపైన వెంటిలేటర్లు రాయించండి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు వద్దు, అవి ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటాయి, రెక్కల కిటికీలే పెట్టించండి. డాబా మీద సోలార్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే పైపులు, వైరింగు దారి వదిలించండి, కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది, పలకల నీడ స్లాబ్‌కి అదనపు గొడుగు. ప్రస్తుత బిల్డింగు ముఖం ఏ దిక్కు, మిల్లులు ఏ వైపు, ఎంత దూరంలో ఉన్నాయో, వీలైతే ఒక రోజు మీటర్ రీడింగులతో సహా రాయండి, ఏ నెలల్లో ఏ కిటికీలు తెరవాలో, ఎగ్జాస్ట్ ఏ గోడకు పెట్టాలో గదివారీగా చెప్తాను.